హెర్షీ పుట్టిన ఊరి నుంచి ఆయన సమాధి దాకా: అమెరికాలో ఐదు రోజులు

మొదటి రోజు, 2023 మే 16, మంగళవారం. నేపర్‌విల్ నుంచి అంగోలా

ఈ ప్రయాణానికి కారణం ఒక చిన్న కార్డు. మా అమ్మాయి వాళ్లు చికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటారు. నిరుడు చలికాలంలో వాళ్లకు గ్రీన్ కార్డు వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉండగా పంతొమ్మిదేళ్ల మా మనవడి పేరున సెలెక్టివ్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ నుంచి ఉత్తరం, దానితో ఆ చిన్న కార్డూ వచ్చాయి. నువ్వు రిజిస్టర్ అయ్యావు, ఇదిగో నీ నంబరు అని. గ్రీన్ కార్డు దరఖాస్తుతోనే ఆ రిజిస్ట్రేషన్ కూడా అయిపోయిందట. మా అమ్మాయి అర్ధరాత్రి తాడేపల్లిగూడెం ఫోన్ చేసింది. "నాన్నా, వీణ్ణి మిలిటరీకి పట్టుకుపోతారా?" అని ఒకటే టెన్షన్.

పట్టుకుపోరు. ఆ దేశంలో 1973 నుంచి ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి పిలవలేదు. కానీ 1980 నుంచి 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలందరి పేర్లూ జాబితాలో ఉంచుతున్నారు. అమెరికా పౌరులైనా, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లైనా తప్పదు. చదువు కోసం ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లకూ, తల్లిదండ్రుల వెంట హెచ్-4 మీద ఉన్నవాళ్లకూ అక్కర్లేదు. నమోదు చేసుకోకపోతే రేపు పౌరసత్వం అడిగినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు, అందుకే ముందుగా చెబుతున్నాను.

నేను ముప్పై ఐదేళ్లు రెవెన్యూ శాఖలో పనిచేశాను. తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. ఒక కాగితం వచ్చిందంటే దాని వెనక ఏ రిజిస్టరుంది, ఆ రిజిస్టరు ఎవరు మొదలుపెట్టారు అని చూడటం నాకు అలవాటు. అలా వెతుకుతుంటే ఒక పేరు దొరికింది. లూయిస్ బ్లెయిన్ హెర్షీ. 1941 జూలై నుంచి 1970 ఫిబ్రవరి దాకా, దాదాపు ఇరవై తొమ్మిదేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని అమెరికా డ్రాఫ్టును నడిపిన సైనికాధికారి. డ్రాఫ్ట్ అంటే నిర్బంధ సైనిక సేవ. రూజ్‌వెల్ట్, ట్రూమన్, ఐసెన్‌హోవర్, కెనడీ, జాన్సన్, నిక్సన్, ఆరుగురు అధ్యక్షులు మారినా ఆ సీటు మారలేదు. ఆయన పుట్టిన ఊరు చికాగో నుంచి మూడు గంటల దూరమే అని తెలిసింది. మా అల్లుడు సెలవు పెట్టాడు. మనవడికి కాలేజీ మొదటి ఏడాది అయిపోయింది. ముగ్గురం బయలుదేరాం.

"చాక్లెట్ హెర్షీయేనా తాతయ్యా?" అని మనవడి మొదటి ప్రశ్న. కాదన్నాను. కానీ ఆ హెర్షీ, ఈ హెర్షీ ఇద్దరి పూర్వీకులూ మెనోనైట్లు. యుద్ధం పాపమని నమ్మే క్రైస్తవ శాఖ అది. డ్రాఫ్టు నడిపిన మనిషి వంశం ఆయుధం పట్టనివాళ్లది. నాకు ఈయన మీద ఆసక్తి మొదలైంది అక్కడే.

ఇండియానా టోల్ రోడ్డు మీద వెళ్తుండగా గడియారం ఒక గంట ముందుకు జరిగింది. అక్కడ టైమ్ జోన్ మారుతుంది. దిగి షిప్షెవానా అనే చిన్న ఊరికి వెళ్లాం. మెనోనైట్లకు దగ్గరి శాఖ అయిన ఆమిష్ వాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం. రోడ్డు మీద మన కార్ల పక్కనే నల్లటి గుర్రబ్బగ్గీలు నడుస్తున్నాయి. మంగళవారం సంత రోజు. మన వారపు సంతలాగే కానీ ఎంత పెద్దదో! మొక్కలు, పాత ఇనుప సామాను, దుప్పట్లు, జున్ను, ఊరగాయ సీసాలు అన్నీ అక్కడే. టోపీలు పెట్టుకున్న ఆమిష్ పిల్లలు తండ్రుల చేయి పట్టుకుని నడుస్తుంటే మా మనవడు ఫోను బయటికి తీసి, మళ్లీ జేబులో పెట్టేశాడు. వాళ్లకు ఫొటోలు ఇష్టముండవని వాళ్ల నాన్న చెప్పి ఉంచాడు.

ఆ ఊళ్లోనే మెనో-హోఫ్ అనే ప్రదర్శనశాల ఉంది. మెనోనైట్లు, ఆమిష్‌లు, అలాంటి ఇంకో శాంతి శాఖ హటరైట్లు యూరప్‌లో ఎన్ని బాధలు పడి ఇక్కడికి వచ్చారో వరసగా చూపిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టం అన్న వాళ్లను అమెరికా సైన్యం చెరసాలల్లో పెట్టింది. 1918లో హోఫర్ ఇంటిపేరున్న ఇద్దరు హటరైట్ అన్నదమ్ములు అలా లెవెన్‌వర్త్ సైనిక జైలులో ప్రాణాలు వదిలారు. రెండో యుద్ధం నాటికి అలాంటిది మళ్లీ జరగకూడదని శాంతి సంఘాల పెద్దలు వాషింగ్టన్ వెళ్లి తలుపులు తట్టారు. ఆ తలుపు అవతల కూర్చున్నది హెర్షీ. వాళ్ల మాట విన్నాడు. ఎలా విన్నాడో నాలుగో రోజు చూసిన చోట చెబుతాను.

సాయంత్రానికి అంగోలా చేరాం.

రెండో రోజు, మే 17, బుధవారం. అంగోలా

అంగోలా అంటే ఆఫ్రికా దేశం కాదు. ఇండియానా రాష్ట్రం ఈశాన్య మూలన స్టూబెన్ కౌంటీకి ముఖ్య పట్టణం ఇది. చుట్టూ చెరువులే. పొకాగన్ స్టేట్ పార్కు పక్కనే. హెర్షీ 1893 సెప్టెంబర్ 12న ఈ కౌంటీలోని ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. తండ్రి వ్యవసాయం చేస్తూ తర్వాత కౌంటీ షెరీఫ్ అయ్యాడు. కొడుకు ఈ ఊళ్లోని ట్రై-స్టేట్ కాలేజీలో చదివి పల్లె బళ్లో పంతులుగా చేశాడు. 1911లో ఇండియానా నేషనల్ గార్డులో చేరాడు. 1916లో మెక్సికో సరిహద్దుకు, తర్వాత మొదటి యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లి వచ్చి సైన్యంలోనే ఉండిపోయాడు. 1927లో పోలో ఆడుతుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. ఆ మీదట ఆయన జీవితమంతా యుద్ధభూమిలో కాదు, బల్ల ముందు గడిచింది.

ఊరి నడిబొడ్డున గుండ్రటి కూడలి, మధ్యలో ఎత్తైన స్మారక స్తంభం. నాలుగు వైపులా నాలుగు సైనికుల విగ్రహాలు, పైన ఒక స్త్రీమూర్తి. ఈ కౌంటీ నుంచి సివిల్ వార్‌కు వెళ్లినవాళ్ల కోసం 1917లో కట్టారు. పేర్లు చెక్కి ఉన్నాయి. పక్కనే ఎర్ర ఇటుకల పాత కోర్టు భవనం. పొద్దున్నే ఎదురుగా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ చాలాసేపు ఆ స్తంభాన్నే చూశాను. మా ఊరికి దగ్గర్లో మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటారు. ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లిన ఊరు. అక్కడ కూడా స్మారకం ఉంది, చిన్నప్పుడు మా నాన్న సైకిలు మీద తీసుకెళ్లి చూపించాడు. కానీ ఒక తేడా ఉంది. మాధవరం వాళ్లు తమంతట తాము వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది, అందులో డ్రాఫ్టు లేదు. ఆకలి తరిమి వెళ్లినవాళ్లున్నారు, జీతం కోసం వెళ్లినవాళ్లున్నారు, అది వేరే సంగతి.

అమెరికాలో సివిల్ వార్ నాడే డ్రాఫ్టు పెట్టారు. 1863 చట్టం ప్రకారం 300 డాలర్లు కట్టినవాడికి మినహాయింపు. సైన్యం మనుషులే ఇంటింటికీ వెళ్లి పేర్లు రాసుకునేవారు. జనం మండిపడ్డారు. ఆ ఏడు న్యూయార్కులో రోజుల తరబడి అల్లర్లు జరిగి ఎంతోమంది చనిపోయారు. ఈ కథ 1936లో వాషింగ్టన్ వెళ్లిన హెర్షీకి బాగా తెలుసు. సైన్యం, నౌకాదళం కలిసి పెట్టుకున్న ఒక కమిటీలో ఆయన్ను కార్యదర్శిగా వేశారు. ఇంకా యుద్ధం లేదు. మళ్లీ డ్రాఫ్టు పెట్టాల్సి వస్తే ఎలా పెట్టాలి అని కాగితాల మీద తయారు చేసి ఉంచడమే పని. నాలుగేళ్లు ఆ పని చేశాడు. 1940 సెప్టెంబర్ 16న రూజ్‌వెల్ట్ కొత్త డ్రాఫ్టు చట్టం మీద సంతకం పెట్టేసరికి ఫారాలు, నిబంధనలు, పద్ధతి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబర్ 16న, ఒక్క రోజులో ఒక కోటీ అరవై లక్షల మంది పేర్లు రాయించుకున్నారు. జనాభా లెక్కల పని చేసినవాణ్ణి గనుక చెబుతున్నాను, ఒక్క రోజులో అంతమందిని నమోదు చేయడం అంటే మాటలు కాదు.

ఆ పద్ధతిలో గుండెకాయ లోకల్ బోర్డు. ఎవరు వెళ్లాలి, ఎవరు ఉండాలి అనేది సైన్యం తేల్చదు, వాషింగ్టన్ తేల్చదు. ఆ కుర్రవాడి ఊరివాళ్లే తేలుస్తారు. జీతం లేని పెద్దమనుషులు, ఊరి వ్యాపారి, రైతు, బడి పంతులు. రెండో యుద్ధంలో ఇలాంటి బోర్డులు 6,400కు పైగా ఉండేవి. నీ ఇరుగుపొరుగే నిన్ను ఎంచారు అనేది వాళ్ల మాట. ఎవరింట్లో ముసలి తల్లి ఉంది, ఎవడు లేకపోతే పొలం బీడుపడుతుంది అనేది ఊరికే తెలుస్తుంది కదా అని హెర్షీ నమ్మకం. అంగోలా కూడలిలో కూర్చుంటే ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇక్కడ అందరికీ అందరూ తెలుసు. మేం రెండోసారి కాఫీకి వెళ్లేసరికి కొట్టు ఆమెకు మేం ఎవరిమో, ఎందుకొచ్చామో తెలిసిపోయింది.

నాకు ఆ నమ్మకం మీద గౌరవమూ ఉంది, భయమూ ఉంది. ఊరి పెద్దమనుషులతో పింఛన్ల జాబితా రాయించిన రోజులు నాకు గుర్తున్నాయి. నిజంగా లేనివాళ్లను వాళ్లు వేలు పెట్టి చూపించేవారు, ఏ ఆఫీసరూ అంత కచ్చితంగా చూపలేడు. అదే చేత్తో, ఊరి చివర పేటలో ఉన్న మనిషి పేరు వాళ్ల నోటికి వచ్చేది కాదు. మనిషి చెడ్డవాడై కాదు. ఆ పేట వైపు నడవడు కనుక, తెలియదు. అమెరికాలో ఇదే జరిగింది. 1966లో దేశం మొత్తం మీద లోకల్ బోర్డు సభ్యుల్లో నల్లజాతివాళ్లు 1.3 శాతం. నల్లజాతి కుర్రాళ్ల బతుకు తేల్చే బల్ల దగ్గర వాళ్లను ఎరిగిన ఇరుగుపొరుగు లేరు. 1967 మార్చిలో హెర్షీ నల్లజాతి విద్యార్థులు చదివే హోవర్డ్ యూనివర్సిటీకి ప్రసంగించడానికి వెళ్తే విద్యార్థులు మాట్లాడనివ్వలేదు. వాళ్ల కోపం న్యాయమైనదే.

మధ్యాహ్నం ట్రై-స్టేట్ కాలేజీకి వెళ్లాం. ఇప్పుడది ట్రైన్ యూనివర్సిటీ. జనరల్ హెర్షీ పేర అక్కడ మ్యూజియం ఉంది. ముందుగా అడిగి పెట్టుకోలేదు గనుక లోపలికి వెళ్లలేదు. ఆవరణంతా తిరిగి, చెట్ల కింద కూర్చుని వచ్చేశాం.

మూడో రోజు, మే 18, గురువారం. అంగోలా నుంచి కెంట్ మీదుగా పిట్స్‌బర్గ్

పొద్దున్నే ఒహాయో టర్న్‌పైక్ ఎక్కాం. దారి పొడవునా మొక్కజొన్న వేసే పొలాలు, అప్పుడే దున్ని ఉన్నాయి. మూడు గంటల్లో కెంట్ స్టేట్ యూనివర్సిటీ.

1970 మే 4న ఇక్కడ ఒహాయో నేషనల్ గార్డు సైనికులు విద్యార్థుల మీద కాల్పులు జరిపారు. 13 సెకన్లు, 67 తూటాలు. నలుగురు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. వియత్నాం యుద్ధాన్ని కంబోడియాలోకి విస్తరించామని నిక్సన్ ఏప్రిల్ 30న చెప్పడంతో రేగిన నిరసన అది. అప్పటికి హెర్షీ డైరెక్టర్ పదవి నుంచి దిగి రెండున్నర నెలలు. అయినా ఇక్కడికి రావాలనుకున్నాను. ఎందుకంటే ఆ కుర్రాళ్లను అంతగా రగిలించిన వాటిలో డ్రాఫ్టు ఒకటి.

నలుగురు పడిపోయిన చోట్లను కార్లు ఆపే స్థలంలోనే గుర్తులు పెట్టి వదిలేశారు. ఆ మేర ఎవరూ కారు ఆపరు. చుట్టూ కార్లు, మధ్యలో నలుగురికి నాలుగు ఖాళీ జాగాలు. అల్లిసన్ క్రౌస్, జెఫ్రీ మిల్లర్, సాండ్రా షూయర్, విలియం ష్రోడర్. ష్రోడర్ సైనికాధికారి శిక్షణ తీసుకుంటున్న విద్యార్థి. మా మనవడి వయసే. వాడు ఆ గుర్తు దగ్గర నిలబడితే మా అల్లుడు వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకొచ్చాడు. ఏమీ అనలేదు.

అక్కడి నుంచి ఇంకో రెండు గంటలు. పిట్స్‌బర్గ్ పక్కన పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వర స్వామి గుడి ఉంది. అమెరికాలో కట్టిన తొలి తరం గుళ్లలో ఒకటి, తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో 1970లలో కట్టారు. కొండ మీద తెల్లటి గోపురం దూరం నుంచే కనిపించింది. దర్శనం చేసుకుని కింద పులిహోర, దద్ధ్యోజనం తిన్నాం. పొద్దుటి నుంచి మనసులో ఉన్న బరువు కాస్త దిగింది.

నాలుగో రోజు, మే 19, శుక్రవారం. కేటన్స్‌విల్, పటాప్స్కో

ఈ ఐదు రోజుల్లో నా మనసును ఎక్కువగా పట్టింది ఈ రోజే. బాల్టిమోర్ శివార్లలో కేటన్స్‌విల్, దాని పక్కనే పటాప్స్కో అడవి. రెంటి మధ్య కారులో పదిహేను నిమిషాలు కూడా పట్టదు. డ్రాఫ్టుకు తలవంచనివాళ్ల రెండు దారులు ఇక్కడే పక్కపక్కన ఉన్నాయి.

ముందు అడవికి వెళ్లాం. ఏరు, పాత రైలు వంతెన, రాళ్లు పరిచిన కాలిబాటలు. 1941 మే 15న ఇక్కడ దేశంలోనే మొదటి సివిలియన్ పబ్లిక్ సర్వీస్ క్యాంపు మొదలైంది. మనస్సాక్షి ఒప్పుకోక ఆయుధం పట్టనివాళ్లు సైన్యానికి బదులు ఇలాంటి క్యాంపుల్లో అడవి పని, నేల కోత ఆపే పని చేయాలి. జీతం లేదు. తిండి ఖర్చులు కూడా మెనోనైట్, క్వేకర్, బ్రెద్రెన్ సంఘాలు భరించాయి. మొత్తం 12,000 మంది దాకా ఇలా గడిపారు. కొందరు పిచ్చాసుపత్రుల్లో రోగులకు సేవ చేశారు. 36 మంది మిన్నెసోటాలో నెలల తరబడి అర్ధాకలితో ఉండటానికి ఒప్పుకున్నారు, ఆకలితో ఉన్న యూరప్‌ను ఎలా కోలుకునేలా చేయాలో వైద్యులు తెలుసుకోవడానికి.

ఈ ఏర్పాటును చాలామంది రాజకీయ నాయకులు తిట్టారు. పిరికివాళ్లకు అలుసిస్తున్నావన్నారు. హెర్షీ నిలబడి కాపాడాడు. జీతమివ్వకపోవడం తప్పు, నాకు అందులో అనుమానం లేదు. కానీ 1918లో చెరసాలలో చనిపోయిన అన్నదమ్ములను తలుచుకుంటే, ఈ చెట్ల కింద పార పట్టుకుని ప్రాణంతో ఉన్నవాళ్లను చూస్తే, ఆయన చేసింది చిన్న పని కాదు. పూర్వీకుల మాట ఎక్కడో గుర్తుండే ఉంటుంది.

అక్కడి నుంచి ఫ్రెడరిక్ రోడ్డు. 1968లో ఈ రోడ్డు మీది నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కాథలిక్ సంఘం భవనం పై అంతస్తులో లోకల్ బోర్డు ఆఫీసు ఉండేది. మే 17న తొమ్మిది మంది కాథలిక్కులు మెట్లెక్కి వచ్చారు. అందులో ఫిలిప్, డేనియల్ బెరిగన్ అనే అన్నదమ్ములు ఇద్దరూ ఫాదరీలు. ఇనుప తీగ బుట్టల్లోకి 378 ఫైళ్లు నింపుకుని కిందికి తెచ్చి, పెట్రోలు, సబ్బు పొడి కలిపి తామే చేసుకున్న నాపామ్, అంటే బాంబుల్లో వాడే మంట జెల్లీ, పోసి అంటించారు. వియత్నాంలో పిల్లల మీద పడుతున్నది ఇదే, పిల్లలు కాలే కంటే కాగితాలు కాలడం మేలు అని వాళ్ల వాదం. పారిపోలేదు. ప్రార్థన చేస్తూ పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు. అందరికీ శిక్షలు పడ్డాయి. ఇప్పుడు రోడ్డు పక్క వాళ్ల గురించిన చారిత్రక ఫలకం ఉంది. మేం వెళ్లింది ఆ సంఘటనకు 55 ఏళ్లు నిండిన రెండు రోజులకు.

ఆ రోజు ఆఫీసులో ఉన్న గుమస్తా ఆమె గురించి చదివాను. ఫైళ్లను వదలకుండా పట్టుకుని వాళ్లతో పెనుగులాడింది. చాలామంది ఆమెను కథలో పక్కకు తోసేస్తారు. నేను అలా తోయలేను. నా రికార్డు గదిలోకి ఎవరైనా వచ్చి అడంగల్ రిజిస్టర్లు ఎత్తుకుపోతుంటే నేనూ అలాగే పట్టుకుని ఉండేవాణ్ణి. ఒక్కో ఫైలు ఒక్కో మనిషి. తేదీ తప్పకుండా, కాగితం పోకుండా చూడటం కూడా మనుషుల పట్ల మర్యాదే. కానీ ఆ ఫలకం ముందు నిలబడి ఆలోచిస్తే, ఆమె కాపాడాలనుకున్న ఫైళ్లు ఎవరిని ఎక్కడికి పంపేవో అది కూడా కళ్లముందుకు వచ్చింది. 1964లో డ్రాఫ్టు ద్వారా సైన్యంలోకి తీసుకున్నది 1,12,386 మందిని. 1966లో 3,82,010 మందిని. ఆ పెరుగుదల అంతా ఇలాంటి గదుల్లోని బీరువాల నుంచి వచ్చిందే.

"అందరినీ తీసుకున్నారా తాతయ్యా?" అని మనవడు అడిగాడు. లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. వయసు వచ్చిన కుర్రాళ్లు సైన్యానికి కావలసినదానికంటే ఎంతో ఎక్కువ. అందుకని కాలేజీలో చదివేవాళ్లకు, ఇంజనీర్లకు, శాస్త్రజ్ఞులకు వాయిదాలు ఇచ్చారు. ఇది దయతో ఇచ్చింది మాత్రమే కాదు. 1965లో సెలెక్టివ్ సర్వీస్ ఒక పత్రం తయారు చేసింది. డ్రాఫ్టు భయం చూపి కుర్రాళ్లను దేశానికి పనికొచ్చే చదువుల వైపు, ఉద్యోగాల వైపు మళ్లించడమే మా పని అని అందులో దాచకుండా రాసుకున్నారు. మా మనవడిలాంటి ఇంజనీరింగ్ కుర్రాడు అప్పట్లో ఇంట్లో ఉండేవాడు. ఫీజు కట్టలేక మానేసినవాడు వెళ్లేవాడు. 300 డాలర్ల మినహాయింపు వందేళ్ల తర్వాత వేరే రూపంలో తిరిగొచ్చింది. అది వద్దనే కదా ఈ పద్ధతి మొదలుపెట్టింది.

1967 అక్టోబరులో హెర్షీ ఇంకో అడుగు వేశాడు. డ్రాఫ్టును అడ్డుకునే నిరసనకారుల వాయిదాలు తీసేసి ముందు వరసలో పిలవమని లోకల్ బోర్డులకు ఉత్తరం రాశాడు. ముప్పై ఐదేళ్లు సంతకాలు పెట్టినవాణ్ణి, ఈ ఒక్క ఉత్తరం దగ్గర ఆయన్ను నేను క్షమించలేకపోతున్నాను. మాట్లాడినందుకు రేషన్ కార్డు కోసేసినట్టే ఇది. సైన్యంలో సేవ గౌరవమని జీవితమంతా చెప్పిన మనిషి, ఆ సేవనే శిక్షగా వాడమన్నాడు. 1970 జనవరిలో సుప్రీంకోర్టు గట్‌నెక్ట్ కేసులో ఈ పద్ధతి చెల్లదని తేల్చింది. అప్పటికి ఆ శిక్ష కింద సైన్యానికి వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోయారు.

ఐదో రోజు, మే 20, శనివారం. వాషింగ్టన్

పొద్దున కాన్‌స్టిట్యూషన్ అవెన్యూలో మెలన్ ఆడిటోరియం బయట ఆగాం. పెద్ద పెద్ద స్తంభాల భవనం, ఇప్పుడు అద్దెకిచ్చే సభామందిరం. ముందు ఎవరిని పిలవాలో తేల్చడానికి 1940 చట్టం కింద మొదటి లాటరీ ఆ ఏడు అక్టోబర్ 29న ఇక్కడే తీశారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సమక్షంలో యుద్ధ మంత్రి స్టిమ్సన్ కళ్లకు గంతలు కట్టి గాజు పాత్రలో చేయి పెట్టించారు. 1917 లాటరీకి వాడిన పాత్రే అది. మొదట వచ్చిన నంబరు 158. సభలోనే కూర్చున్న ఒక తల్లి గట్టిగా అరిచింది. ఆమె కొడుకు నంబరు అదే.

ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, 1969 డిసెంబర్ 1న, మళ్లీ లాటరీ తీశారు. ఇంకా హెర్షీయే డైరెక్టర్, ఆఖరి రోజులు. ఈసారి పుట్టినరోజుల లాటరీ. 366 నీలి గొట్టాల్లో 366 తేదీలు. మొదట వచ్చింది సెప్టెంబర్ 14, ఆఖరున జూన్ 8. ఏడాదిలో నెలల వరుసనే డబ్బాలోకి పోసి, సరిగా కలపలేదు. పైన పడ్డ చివరి నెలల తేదీలే ముందు బయటికి వచ్చాయి. డిసెంబరులో పుట్టినవాళ్లకు అన్యాయం జరిగిందని గణాంక శాస్త్రజ్ఞులు లెక్కలు వేసి చూపించారు. పక్షపాతం లేని పద్ధతి అని తెచ్చినదానిలో డబ్బా కుదిపే పని సరిగా చేయలేదు! 1970లో ఆ లాటరీ ప్రకారం 195వ నంబరు దాకా పిలిచారు.

మెట్ల మీద కూర్చుని మా మనవడు ఫోన్‌లో ఆ పట్టిక తీశాడు. వాడి పుట్టినరోజు డిసెంబర్ 6. కిందికి జరపక్కర్లేకపోయింది.

"పది" అన్నాడు.

మా అల్లుడు ఫోను తీసుకుని మళ్లీ చూశాడు. అది 1944 నుంచి 1950 మధ్య పుట్టినవాళ్ల లాటరీ అని, ఇప్పుడు దానికి అర్థం లేదని ముగ్గురికీ తెలుసు. అయినా అక్కడి నుంచి వియత్నాం స్మారకం దాకా నడిచినంత సేపూ ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ గోడ గురించి చాలామంది రాశారు, నేను ఎక్కువ చెప్పను. నల్ల గ్రానైటు మీద 58,000కు పైగా పేర్లు, చనిపోయిన తేదీల వరుసలో. అందులో ఇంచుమించు 30 శాతం డ్రాఫ్టులో వెళ్లినవాళ్లు. అయితే డ్రాఫ్టు వస్తుందని ముందే స్వయంగా చేరినవాళ్లు ఎందరో ఆ లెక్కలో ఉండరు. ఒక ముసలాయన కాగితం గోడకు ఆనించి పెన్సిలుతో రుద్ది ఒక పేరు అచ్చు తీసుకుంటున్నాడు. చేయి వణుకుతుంటే మా అల్లుడు వెళ్లి కాగితం పట్టుకున్నాడు.

మధ్యాహ్నం నది దాటి ఆర్లింగ్టన్ శ్మశానానికి వెళ్లాం. సెక్షన్ 7. తెల్లరాళ్ల వరసల మధ్య ఫోన్ చూసుకుంటూ వెతికి పట్టుకున్నాం. హెర్షీ 1977 మే 20న, పుట్టిన ఊరు అంగోలాకు వెళ్లినప్పుడే పోయాడు. ఈ రోజుకు 46 ఏళ్లు. నిక్సన్ ఆయన్ను డైరెక్టర్ పదవి నుంచి తప్పించినప్పుడు నాలుగు నక్షత్రాల జనరల్‌ను చేసి సలహాదారుగా ఉంచాడు. 1973 ఏప్రిల్‌లో, 79 ఏళ్ల వయసులో రిటైరయ్యాడు. అదే ఏడు డ్రాఫ్టు కూడా ముగిసింది. ఆయన సంస్థ రెండో యుద్ధంలో కోటి మందిని, కొరియాకు 15 లక్షల మందిని, వియత్నాం కాలంలో, చివరి మూడేళ్లు వేరేవాళ్ల చేతుల్లో, 18 లక్షల మందిని సైన్యంలోకి పంపింది.

నేను చేతులు జోడించాను. హిట్లర్ మీద గెలిచిన సైన్యాన్ని ఊరి పెద్దమనుషుల చేత, ఫారాల చేత కూర్చిన పనితనానికి ఆ దండం. పటాప్స్కో అడవిలో బతికిన కుర్రాళ్ల కోసం కూడా. 1967 ఉత్తరం గుర్తుంది, దాని కోసం ఆ చేతులు ఎక్కువసేపు ఉంచలేదు.

మనవడు పర్సులోంచి ఆ రిజిస్ట్రేషన్ కార్డు తీసి ఒకసారి చూసుకున్నాడు.

"ఈయనకు ఏ నంబరు వచ్చింది తాతయ్యా?"

"రాలేదురా. ఈయన తనంతట తానే చేరాడు, 1911లో. నీకంటే చిన్నవాడు అప్పుడు."

వాడు కార్డు మళ్లీ పర్సులో పెట్టుకున్నాడు. వాళ్లమ్మ ఫోన్ చేస్తోంది, ఎత్తి "వచ్చేస్తున్నామమ్మా" అన్నాడు.